మర్దానా కమ్‌జోరీ: మాజూన్ డబ్బా కొనే ముందు దస్తర్‌ఖాన్ వైపు, షుగర్ రిపోర్టు వైపు చూడండి

మగవారి కోరికను పెంచే తిండి ఏది అని ఫోన్‌లో వెతికితే ఖర్జూరం నుంచి కుంకుమపువ్వు దాకా వంద పేర్లు వస్తాయి. బస్టాండ్ గోడల మీద, రైలు పట్టాల పక్క ప్రహరీల మీద "మర్దానా కమ్‌జోరీ" రాతలు కనిపిస్తూనే ఉంటాయి. మన ఇళ్లలో మాత్రం ఈ మాట ఎవరూ ఎత్తరు. అబ్బాతో చెప్పలేరు, అన్నతో చెప్పలేరు, భార్యతో చెప్పడానికి మొహమాటం. ఈ మౌనం మీదే పెద్ద వ్యాపారం నడుస్తోంది.

ముందుగా సారాంశం చెప్పేస్తాం. ఈ రోజు తింటే ఈ రాత్రే కోరిక పెంచే పదార్థం ఏదీ వైద్యశాస్త్రంలో గట్టిగా రుజువు కాలేదు. కానీ నెలల తరబడి తినే తిండి మన నడుము కొలతను, షుగర్‌ను, రక్తనాళాలను, నిద్రను మారుస్తుంది. వాటి ద్వారా కోరిక, సామర్థ్యం రెండూ మారతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఈ సమస్య చాలామందిలో షుగర్‌కో, గుండెజబ్బుకో మొదటి హెచ్చరిక. దాన్ని దాచిపెట్టి డబ్బా మందులు వాడితే అసలు జబ్బు లోపల పెరిగిపోతుంది.

మూడు వేర్వేరు సమస్యలు

మన మాటల్లో అన్నిటికీ కలిపి "కమ్‌జోరీ" అనేస్తాం. నిజానికి ఇందులో మూడు వేర్వేరు విషయాలున్నాయి.

మొదటిది కోరిక. అంటే మనసు అటు వెళ్లడం, ఖ్వాహిష్ కలగడం. రెండోది అంగస్తంభన. కోరిక ఉన్నా శరీరం సహకరించకపోవడం ఈ సమస్య. మూడోది సంతాన సామర్థ్యం. అంటే వీర్యంలో కణాల సంఖ్య, కదలిక. మొదటి రెండూ బాగున్న మనిషికి మూడోది బాగుండకపోవచ్చు. మూడోది బాగున్నవాడికి మొదటిది తగ్గిపోవచ్చు.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, కారణాలు వేరు, పరీక్షలు వేరు, చికిత్స కూడా వేరు. పిల్లలు కాలేదని కోరిక పెంచే మాజూన్ తినడం, కోరిక తగ్గిందని వీర్యకణాల గోలీలు మింగడం దండగ ఖర్చు.

శరీరంలో ఏం జరుగుతుంది

కోరికకు ప్రధానమైన హార్మోన్ టెస్టోస్టెరాన్. ఇది ఎక్కువగా వృషణాల్లో తయారవుతుంది. తయారు చేయమని ఆదేశం మెదడులోని పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. ఉదయం ఈ హార్మోన్ ఎక్కువగా ఉండి, సాయంత్రానికి తగ్గుతుంది. వయసుతో కూడా మెల్లగా తగ్గుతుంది. అయితే నలభై దాటగానే అందరికీ పడిపోతుందనేది నిజం కాదు. లావు, షుగర్, నిద్రలేమి ఉన్నవారిలోనే ఎక్కువగా పడిపోతుంది.

స్తంభనకు రక్తప్రసరణ కావాలి. రక్తనాళాల గోడలు, నరాల చివరలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. దాంతో నాళాలు సడలి రక్తం నిండుతుంది. రక్తనాళాల్లో ఈ వాయువు ఎలా సంకేతంలా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. షుగర్, పొగాకు, బీపీ, చెడు కొలెస్టరాల్ అన్నీ నాళాల ఈ గుణాన్ని దెబ్బతీస్తాయి.

వీటితో పాటు మనసు. అప్పులు, ఉద్యోగ భయం, ఇంట్లో గొడవలు, డిప్రెషన్ ఉంటే హార్మోన్ సరిగ్గా ఉన్నా కోరిక రాదు. తిండి ఒక్కటే అన్నిటికీ జవాబు కాదని అందుకే అంటున్నాం.

నడుము కొలత చెప్పే నిజం

మగవారి నడుము 90 సెంటీమీటర్లు దాటితే భారతీయుల్లో జబ్బుల ప్రమాదం పెరుగుతుందని డాక్టర్లు లెక్కగడతారు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదు. టెస్టోస్టెరాన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. మెదడు నుంచి వచ్చే ఆదేశాన్ని కూడా బలహీనపరుస్తుంది. హార్మోన్ తగ్గితే కండ కరుగుతుంది, పొట్ట ఇంకా పెరుగుతుంది. ఇదొక విషవలయం.

దీన్ని వెనక్కి తిప్పవచ్చా? 2004లో ఇటలీ డాక్టర్లు ప్రచురించిన పరిశోధన ఒకటి ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. లావుగా ఉండి స్తంభన సమస్య ఉన్న 110 మంది మగవారిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు బరువు తగ్గడానికి తిండి, వ్యాయామం విషయంలో దగ్గరుండి నేర్పించారు. రెండో గుంపుకు మామూలు సలహాలు ఇచ్చారు. రెండేళ్ల తర్వాత మొదటి గుంపులోని 55 మందిలో 17 మందికి సామర్థ్యం మామూలు స్థాయికి వచ్చింది. రెండో గుంపులో ముగ్గురికే వచ్చింది. ఇందులో మాత్రలు లేవు. తిండి, నడక, ఓపిక మాత్రమే. అందరికీ పనిచేయలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇక షుగర్. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో దాదాపు 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది షుగర్ అంచున ఉన్నారు. షుగర్ ఉన్న మగవారిలో దాదాపు సగం మందికి స్తంభన సమస్య ఉంటుందని వివిధ దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. నరాలు, సన్నని రక్తనాళాలు రెండూ దెబ్బతినడం దీనికి కారణం.

గుండె సంగతి ఇంకా ముఖ్యం. అంగానికి వెళ్లే ధమని వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండెకు వెళ్లే ధమనులు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకుంటే సన్నని గొట్టం ముందు మూసుకుపోతుంది. అందుకే చాలామందిలో స్తంభన సమస్య మొదలైన రెండు నుంచి అయిదేళ్లకు గుండె సమస్య బయటపడుతుంది. ఆ వ్యవధిలో పరీక్ష చేయించుకున్నవాడికి గుండెపోటు తప్పించుకునే అవకాశం ఉంటుంది. ఆ కాలమంతా పాన్ డబ్బా గోలీలతో నెట్టుకొచ్చినవాడికి ఆ అవకాశం పోతుంది.

మన దస్తర్‌ఖాన్ మీద ఉన్నవి, ఒక్కొక్కటిగా

మటన్, నిహారీ, పాయా, హలీం: మాంసంలో ప్రోటీన్, జింక్, ఐరన్, బీ12 ఉంటాయి. ఇవి శరీరానికి కావాలి. కానీ ఎక్కువ తింటే ఎక్కువ తాకత్ అనే లెక్క లేదు. పాయాలో ఉండేది ఎక్కువగా జిగురు ప్రోటీన్, కొవ్వు. దానికీ మగ హార్మోన్‌కూ సంబంధం లేదు. హలీంలో గోధుమ, మాంసం, పప్పులు మంచివే. పైన తేలే నెయ్యి, ఉప్పు మాత్రం బీపీ ఉన్నవారికి భారం. వారానికి రెండు మూడుసార్లు, కొవ్వు తీసిన మాంసం, పక్కన కూరగాయలతో తింటే చాలు.

కపూరే: మేక వృషణాలు తింటే మగతనం పెరుగుతుందని చాలామంది నమ్మకం. నోటి ద్వారా తీసుకున్న టెస్టోస్టెరాన్‌లో చాలా భాగాన్ని రక్తంలో కలవకముందే కాలేయం విరిచేస్తుంది. పైగా హనఫీ ఉలమా వీటిని తినకూడని భాగాల్లో లెక్కిస్తారు. లాభం లేని దాని కోసం ఆ దారిలో వెళ్లనక్కర్లేదు.

గుడ్లు, చేపలు: టెస్టోస్టెరాన్ కొలెస్టరాల్ నుంచే తయారవుతుంది. అందుకని కొవ్వును పూర్తిగా మానేయడం కూడా మంచిది కాదు. మరీ తక్కువ కొవ్వు తిన్న మగవారిలో ఈ హార్మోన్ కొద్దిగా తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. అలాగని గుడ్ల మీద గుడ్లు తింటే హార్మోన్ పెరగదు. ఆ ముడిసరుకును శరీరం తానే చేసుకుంటుంది. రోజూ ఒక గుడ్డు, వారంలో రెండుసార్లు చేప మంచి అలవాటు. చేపను ముంచి వేయించడం కంటే పులుసు, తవా మీద తక్కువ నూనెతో చేసింది మేలు.

బాదం, అక్రోట్, పిస్తా: వీటికి కొంత ఆధారం ఉంది. 2019లో స్పెయిన్‌లో 83 మంది ఆరోగ్యవంతులైన మగవారితో ఒక పరిశోధన చేశారు. రోజుకు 60 గ్రాముల బాదం, అక్రోట్, హేజెల్‌నట్ కలిపి 14 వారాలు తిన్నవారు కోరిక, భావప్రాప్తి కొంత మెరుగైనట్టు ప్రశ్నపత్రాల్లో చెప్పారు. స్తంభనలో మాత్రం పెద్ద తేడా రాలేదు. ఇది చిన్న పరిశోధన. పైగా అందరూ ఆరోగ్యంగా ఉన్నవారే. అయినా గుండెకు మేలు చేసే తిండి కాబట్టి రోజుకు ఒక గుప్పెడు తినడంలో నష్టం లేదు. బాదం ఖరీదు అనుకుంటే వేరుశనగలు, నువ్వులు, గుమ్మడి గింజలు ఉన్నాయి. బెల్లం పాకంలో, నెయ్యిలో ముంచి లడ్డూలు చేస్తే మాత్రం మేలు కంటే కేలరీలే ఎక్కువ.

ఖర్జూరం, తేనె, కలోంజీ: ఇవి మనకు సున్నత్ ఆహారాలు. వాటి మీద ప్రేమ, గౌరవం ఎప్పుడూ ఉంటాయి. అది విశ్వాసానికి సంబంధించిన విషయం. వైద్యం వైపు నుంచి చూస్తే ఖర్జూరంలో పీచు, పొటాషియం ఉన్నాయి. చక్కెర కూడా ఎక్కువే ఉంది. షుగర్ ఉన్నవారు రెండు మూడుకు మించకూడదు. తేనె కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది. కలోంజీ మీద షుగర్, కొలెస్టరాల్ విషయంలో చిన్న పరిశోధనల్లో కొంత మేలు కనిపించింది. కోరిక పెంచుతుందని గట్టి రుజువు లేదు. షుగర్ మాత్రలు మానేసి కలోంజీ మింగడం ప్రమాదం.

ఉల్లి, వెల్లుల్లి, మునక్కాయ: సినిమాల పుణ్యమా అని మునక్కాయకు పెద్ద పేరు వచ్చింది. మనుషుల మీద చేసిన నమ్మదగిన పరీక్షల్లో అది కోరిక పెంచినట్టు తేలలేదు. కానీ పీచు, విటమిన్లు ఉన్న మంచి కూరగాయ. ఖట్టీ దాల్‌లో వేసుకుని హాయిగా తినండి. ఉల్లి, వెల్లుల్లి కూడా అంతే. అవి వంటకు, ఆరోగ్యానికి మంచివి, మంత్రం మాత్రం కావు.

ఆకుకూరలు, బీట్‌రూట్, పండ్లు: పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌లో సహజ నైట్రేట్లు ఉంటాయి. శరీరం వాటి నుంచి పైన చెప్పిన నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేసుకుంటుంది. నారింజ, బత్తాయి, యాపిల్, బెర్రీల వంటి పండ్లు ఎక్కువ తినేవారిలో స్తంభన సమస్య తక్కువగా కనిపించిందని 2016లో అమెరికాలో 25 వేల మందికి పైగా మగవారి మీద వచ్చిన అధ్యయనం చెప్పింది. తేడా దాదాపు 14 శాతం. పుచ్చకాయలో సిట్రులిన్ అనే పదార్థం ఉంది. అది ఈ పనికి కొంత సాయపడవచ్చు. కానీ పుచ్చకాయను వయాగ్రాతో పోల్చే వాట్సాప్ మెసేజ్‌లు అతిశయోక్తి.

ఖట్టా: "చింతపండు తింటే మగతనం పోతుంది, అబ్బాయికి ఖట్టా పెట్టకు" అని మన పెద్దవాళ్లు చాలామంది అంటారు. దీనికి వైద్య ఆధారం లేదు. అంబాడా అంటే గోంగూర. అది పుల్లగా ఉంటుంది, అదే సమయంలో పోషకాలున్న ఆకుకూర. టమాటా, నిమ్మ, చింతపండు మామూలుగా వంటలో వాడే మోతాదులో ఎలాంటి హానీ చేయవు. ఊరగాయల్లో చూడాల్సింది పులుపు కాదు, ఉప్పు.

మీల్‌మేకర్, సోయా: సోయా తింటే మగవారికి ఆడ లక్షణాలు వస్తాయని ప్రచారం ఉంది. పదుల కొద్దీ పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణలు 2010లో ఒకటి, 2021లో ఒకటి వచ్చాయి. మామూలు మోతాదులో టెస్టోస్టెరాన్ మీద ప్రభావం లేదని రెండూ తేల్చాయి. మాంసం ధర పెరిగినప్పుడు మీల్‌మేకర్ కూర మంచి ప్రత్యామ్నాయమే.

ములేఠీ, పుదీనా: ములేఠీ అంటే అతిమధురం. రోజూ ఎక్కువగా వాడితే బీపీ పెరుగుతుంది. రోజుకు 7 గ్రాములు తీసుకున్న కొద్దిమంది మగవారిలో టెస్టోస్టెరాన్ తగ్గినట్టు 1999లో ఒక చిన్న పరిశోధన వచ్చింది. తర్వాత చేసినవాటిలో అంత తేడా కనిపించలేదు. దగ్గుకు రెండు రోజులు జోషాందా తాగితే భయం లేదు. బిర్యానీలో వేసే పుదీనా గురించి అసలు చింతే వద్దు.

చాయ్, కూల్‌డ్రింక్, బేకరీ: మన ఇళ్లలో లెక్కకు రానిది ఇదే. కప్పుకు రెండు స్పూన్ల చక్కెరతో రోజుకు నాలుగు కప్పుల చాయ్ తాగితే ఎనిమిది స్పూన్లు. అంటే 32 నుంచి 40 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు రోజు మొత్తానికి సూచించే హద్దు 25 గ్రాములు. దాని పక్కన ఉస్మానియా బిస్కెట్, సమోసా, దావత్‌లో డబుల్ కా మీఠా కలిపితే లెక్క ఎక్కడికో పోతుంది. 2013లో 74 మంది మగవారికి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చూశారు. రెండు గంటల లోపు వారి టెస్టోస్టెరాన్ సగటున 25 శాతం పడిపోయింది. ఆ తగ్గుదల తాత్కాలికమే. కానీ రోజంతా తీపి తాగేవారు ఆలోచించుకోవాల్సిన విషయం.

గుట్కా, జర్దా, సిగరెట్, హుక్కా: వీటి గురించి రెండో మాట లేదు. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది, పొగ వాటి గోడలను పాడు చేస్తుంది. నెలకు వేల రూపాయల బాదం తింటూ రోజుకు పది సిగరెట్లు కాల్చేవాడు చిల్లి కుండలో నీళ్లు పోస్తున్నట్టే. మద్యం మనకు హరామ్. వైద్యపరంగా చూసినా అది హార్మోన్‌ను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

జింక్ కథ ఎక్కడ మొదలైంది

కోరిక గోలీల డబ్బాల మీద జింక్ పేరు తప్పకుండా ఉంటుంది. దాని వెనక నిజమైన కథ ఉంది. బీహార్‌లో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ 1950ల చివర్లో ఇరాన్‌లోని షిరాజ్ నగరంలో కొందరు యువకులను పరీక్షించారు. ఇరవై ఏళ్లు దాటినా వారు పదేళ్ల పిల్లల్లా ఉన్నారు. యవ్వన లక్షణాలు రాలేదు. వారి తిండి దాదాపు పూర్తిగా రొట్టె. మట్టి తినే అలవాటు కూడా ఉంది. మాంసం చాలా తక్కువ. పులియబెట్టని రొట్టెలోని ఫైటేట్ జింక్‌ను శరీరానికి అందనివ్వదు. తర్వాత ఈజిప్టులో ఇలాంటివారికి జింక్ ఇచ్చినప్పుడు ఎదుగుదల మొదలైంది.

దీన్నిబట్టి, జింక్ లోపం ఉన్నవారికి జింక్ ఇస్తే మేలు జరుగుతుంది. లోపం లేనివారికి అదనంగా ఇస్తే అదనపు తాకత్ రాదు. ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో మింగితే శరీరంలో రాగి తగ్గిపోయి రక్తహీనత, నరాల సమస్యలు వస్తాయి. భారతీయ మగవారికి రోజుకు 17 మిల్లీగ్రాములు కావాలని 2020 నాటి మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. మాంసం, కలేజీ, శనగలు, నువ్వులు, గుమ్మడి గింజలు, పప్పులు కలిపి తినే ఇంట్లో సాధారణంగా గోలీలు అవసరం రావు. పప్పులు, శనగలు నానబెట్టడం, మొలకెత్తించడం, పిండి పులియబెట్టడం వల్ల జింక్ బాగా అందుతుంది.

నిద్ర, రంజాన్ రాత్రులు

2011లో పది మంది ఆరోగ్యవంతులైన యువకులను ఒక వారం పాటు రాత్రికి అయిదు గంటలే పడుకోనిచ్చారు. వారి పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. వారం రోజుల్లోనే అంత తేడా. రాత్రి రెండు దాకా ఫోన్, ఉదయం ఏడుకు డ్యూటీ, మధ్యలో చాయ్ మీద చాయ్. ఇలా గడిపే యువకులు కోరిక తగ్గిందని మందుల దుకాణానికి వెళ్లే ముందు రెండు వారాలు ఏడు గంటలు పడుకుని చూడాలి.

గట్టిగా గురక పెట్టేవారు, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారు డాక్టర్‌కు చెప్పాలి. ఆ జబ్బుకీ లైంగిక సమస్యలకీ దగ్గర సంబంధం ఉంది. ఈ గురక సంగతి సాధారణంగా భార్యకే తెలుస్తుంది.

రంజాన్‌లో తరావీహ్, సహర్ మధ్య నిద్ర ముక్కలవుతుంది. ఆ నెలలో కోరిక కొంత తగ్గితే కంగారు పడక్కర్లేదు. మధ్యాహ్నం చిన్న కునుకు తీయండి. ఇఫ్తార్‌లో మిర్చీ బజ్జీలు, తీపి షర్బత్‌ల బదులు రెండు ఖర్జూరాలు, పండ్లు, శనగలు పెట్టుకోండి. కడుపులో ఆహారానికి, నీటికి, ఊపిరికి తలా ఒక భాగం వదలాలని ప్రవక్త (స) నేర్పిన పద్ధతి మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. డాక్టర్లు పొట్ట తగ్గించమని చెప్పే సలహా కూడా అదే దారిలో ఉంది.

డబ్బాలు, మాజూన్లు, తేనె ప్యాకెట్లు

యునానీకి మన సమాజంలో గౌరవప్రదమైన చరిత్ర ఉంది. చార్మినార్ పక్కన ప్రభుత్వ నిజామియా తిబ్బీ ఆస్పత్రి ఇప్పటికీ రోగులను చూస్తోంది. చదువుకున్న హకీమ్ నాడి చూసి, షుగర్ అడిగి, తిండి మార్చమని చెప్పి మందు ఇస్తాడు. గోడ మీద నంబర్ రాసి "మూడు రోజుల్లో గ్యారంటీ" అనేవాడు హకీమ్ కాదు. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. కాబట్టి ఆ ప్రకటనే చట్టవిరుద్ధం.

పెద్ద ప్రమాదం కల్తీ. "పూర్తిగా మూలికలే" అని రాసిన పొడులు, క్యాప్సూళ్లలో సిల్డెనాఫిల్, టడలాఫిల్ వంటి అల్లోపతి మందులను చెప్పకుండా కలపడం అనేక దేశాల్లో బయటపడింది. 2022 జూలైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ తేనె ప్యాకెట్ల పేరుతో అమ్ముతున్న ఇలాంటి వాటిపై హెచ్చరిక ఇచ్చింది. గల్ఫ్ నుంచి వచ్చేవారి బ్యాగుల్లో, దోస్తుల మధ్య ఇలాంటి ప్యాకెట్లు చేతులు మారుతుంటాయి. తిన్న గంటలో పనిచేసిందంటే అది తేనె గొప్పతనం కాదేమో అని అనుమానించాలి.

ఛాతీనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవారికి ఇది ప్రాణం మీదికి వస్తుంది. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి చనిపోవచ్చు. అందుకే సిల్డెనాఫిల్‌ను డాక్టర్ చీటీ మీదే ఇవ్వాలని నిబంధన ఉంది. సరైన మనిషికి, సరైన మోతాదులో అది మంచి మందే. చాటుగా వాడితేనే ప్రమాదం.

కుష్తాల విషయంలో కూడా జాగ్రత్త. ఇవి లోహాలను కాల్చి చేసే భస్మాలు. సరిగ్గా తయారు కాకపోతే సీసం, పాదరసం, ఆర్సెనిక్ శరీరంలో చేరి కిడ్నీలను పాడు చేస్తాయి. అశ్వగంధ మీద కొన్ని చిన్న పరిశోధనల్లో స్వల్ప మేలు కనిపించింది. కానీ కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి.

జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లకు ఒక మాట. కండల కోసం టెస్టోస్టెరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకుంటే వృషణాలు తమ పని ఆపేస్తాయి. వీర్యకణాలు సున్నాకు పడిపోవచ్చు. కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. నికాహ్ దగ్గర పడుతున్నవారు ఇది తప్పక తెలుసుకోవాలి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు, ఏ పరీక్షలు

సమస్య మూడు నెలలకు మించి ఉంటే వెళ్లాలి. నడిస్తే ఆయాసం, ఛాతీలో బరువు, అతిగా దాహం, రాత్రి పదేపదే మూత్రం, కాళ్లలో తిమ్మిర్లు కూడా ఉంటే ఆగకూడదు. మొదట ఫిజీషియన్ చాలు. అవసరమైతే ఆయనే యూరాలజిస్ట్, ఎండోక్రినాలజిస్ట్ లేదా మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు.

మామూలుగా చేసే పరీక్షలు: బీపీ, పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్, కొలెస్టరాల్, థైరాయిడ్. కోరికే తగ్గితే ఉదయం పూట, పరగడుపున టెస్టోస్టెరాన్ చూస్తారు. అది 300 నానోగ్రాముల కంటే తక్కువ వస్తే మరో రోజు ఉదయం మళ్లీ చేసి నిర్ధారిస్తారు. సాయంత్రం చేసిన ఒక్క పరీక్ష చూసి ఇంజెక్షన్ మొదలుపెట్టమంటే ఒప్పుకోవద్దు. షుగర్, బీపీ పరీక్షలు బస్తీ దవాఖానాల్లో, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగానే చేస్తారు.

వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కు చెప్పండి. కొన్ని బీపీ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు కోరికను తగ్గిస్తాయి. మార్చడానికి వేరే మందులు ఉంటాయి. మీరే ఆపేస్తే మాత్రం పక్షవాతం, గుండెపోటు ముప్పు.

ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతి

గల్ఫ్‌లో రెండేళ్లు పనిచేసి రెండు నెలల సెలవు మీద వచ్చే మన మగవారి పరిస్థితి వేరు. క్యాంపు తిండి, తక్కువ నిద్ర, అప్పుల లెక్కలు, ఇన్నాళ్ల ఎడబాటు. సెలవు తక్కువ కాబట్టి అన్నీ వెంటనే జరగాలన్న ఒత్తిడి. మొదటి వారంలో శరీరం సహకరించకపోతే అది జబ్బు కాకపోవచ్చు. భయపడి ప్యాకెట్లు మింగితే తర్వాత అవి లేనిదే నమ్మకం రాదు.

భార్యలు కూడా దీన్ని తమ మీద వేసుకుంటారు. తనంటే ఇష్టం పోయిందేమో, వేరే ఎవరైనా ఉన్నారేమో అనుకుంటారు. "నాకు ఒంట్లో బాగుండట్లేదు, డాక్టర్‌కు చూపించుకుందాం" అని భర్త ఒక్క మాట చెబితే సగం అనుమానాలు పోతాయి. ఇంట్లో వంట మారాలన్నా ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. అబ్బాయి బలహీనంగా ఉన్నాడని అమ్మీ నెయ్యి పోస్తూ, కోడలు నూనె తగ్గిస్తూ ఉంటే గొడవలే మిగులుతాయి.

ఒక రోజు ఇలా తినవచ్చు

ఉదయం: ఒక గుడ్డు, రెండు జొన్న లేదా గోధుమ రొట్టెలు, కూర. చక్కెర తగ్గించిన ఒక చాయ్. మధ్యలో: గుప్పెడు వేరుశనగలు లేదా బాదం, ఒక జామకాయ. మధ్యాహ్నం: తక్కువ అన్నం, ఖట్టీ దాల్, పాలకూర లేదా గోంగూర, కొద్దిగా చికెన్ లేదా చేప, పెరుగు. సాయంత్రం: బిస్కెట్ల బదులు ఉడికించిన శనగలు. రాత్రి: ఇషా తర్వాత ఆలస్యం చేయకుండా రెండు రొట్టెలు, కూరగాయలు. ఆ తర్వాత పావుగంట నడక. రోజు మొత్తంలో అరగంట వేగంగా నడవాలి, ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తిండి వేళలు మార్చే ముందు డాక్టర్‌ను అడగాలి.

బిర్యానీ మానేయమని ఎవరూ అనడం లేదు. దావత్‌లో తినండి, రెండో ప్లేటు మాత్రం వద్దు.

ఇలా మూడు నెలలు చేసి, నడుము కొలత, షుగర్ రిపోర్టు మొదటి రోజు రాసుకున్న వాటితో పోల్చి చూడండి. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన లక్షణాలు ఉన్నవారు మాత్రం ఆ మూడు నెలలు ఆగకుండా ఈ వారమే వెళ్లాలి.